గ్రేట్ బారియర్ రీఫ్, 2016: వేడి, చావు, విరామం మీద ఒక కేస్ స్టడీ

2016 మార్చి, ఏప్రిల్ నెలల్లో టెర్రీ హ్యూస్ నాయకత్వంలో ఒక శాస్త్రవేత్తల బృందం ఆస్ట్రేలియా ఈశాన్య తీరం వెంట ఉన్న పగడపు దిబ్బల వరసని, అంటే గ్రేట్ బారియర్ రీఫ్‌ని, ఆకాశం నుంచి సర్వే చేసింది. చిన్న విమానంలో, హెలికాప్టర్‌లో సుమారు 150 మీటర్ల ఎత్తున ఎగురుతూ ఒక్కో దిబ్బ ఎంత తెల్లబడిందో చూసి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు వేశారు. చూసిన 1,156 దిబ్బల్లో అసలు తెల్లబడనివి 9 శాతం లోపే. ఇదే పద్ధతిలో 1998లో, 2002లో చూసినప్పుడు ఏమీ కాకుండా మిగిలినవి రెండుసార్లూ 40 శాతం పైనే ఉన్నాయి.

పగడపు దిబ్బల సర్వే పనిలో ఉన్నవాళ్లందరికీ ఈ లెక్క తెలుసు. కొత్తగా చేరిన డైవర్లకి బ్లీచింగ్ గురించి, అంటే పగడాలు వేడికి తెల్లబడడం గురించి చెప్పాల్సి వస్తే నేను ఈ కేసుతోనే మొదలుపెడతాను. విమానంలోంచి కనబడిన ఆ తెలుపు గురించి చెప్పడం నా ప్రధాన ఉద్దేశం కాదు. దానికి ముందు ఎన్ని వారాల వేడి ఉంది, ఆ తర్వాత ఎన్ని నెలలు చావులు సాగాయి, మళ్లీ వేడి వచ్చేలోపు ఎన్నేళ్ల వ్యవధి దొరికింది అన్న మూడింటినీ ఒకే చోట, వరసగా కొలిచిన కేసులు ప్రపంచంలో చాలా తక్కువ. ఇది వాటిలో ఒకటి. ఒక దిబ్బ నిలబడుతుందా లేదా అన్నది చివరికి తేల్చేది ఆ మూడోదేనని, అంటే విరామమేనని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకలా అంటున్నానో చెప్పాలంటే మొదటి రెండూ చూడాలి.

తెల్లబడడమంటే

పగడం చూడ్డానికి రాయిలా ఉన్నా అది జంతువు. వేల కొద్దీ చిన్న పాలిప్‌లు పక్కపక్కనే అతుక్కుని, కింద సున్నపు గూడు కట్టుకుంటూ పెరుగుతాయి. ఆ పాలిప్‌ల కణాల లోపల జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు ఉంటాయి. అవి ఎండని పట్టి చక్కెరలు తయారుచేసి, అందులో చాలా భాగం పగడానికి ఇస్తాయి. పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం దాకా ఇలా వచ్చేదే. రాత్రిపూట పాలిప్‌లు చేతులు చాచి నీళ్లలోని చిన్న జీవుల్ని పట్టుకు తింటాయి గాని, చాలా జాతులకి ఆ తిండితోనే బతుకు వెళ్లదు.

నీళ్లు హద్దు దాటి వేడెక్కితే ఆ శైవలాల్లో కిరణజన్య సంయోగక్రియ జరిపే భాగాలు దెబ్బతింటాయి. ఎండ మాత్రం పడుతూనే ఉంటుంది. వాడకం లేని ఆ శక్తి ఆక్సిజన్‌ని కణాల్ని కాల్చేసే రూపాల్లోకి మారుస్తుంది. లోపల ఉంచుకుంటే తనకే ప్రమాదం కాబట్టి పగడం ఆ శైవలాల్ని బయటికి తోసేస్తుంది. గోధుమ, ఆకుపచ్చ ఛాయలన్నీ చాలావరకు వాటివే. అవి పోగానే, గాజులాంటి పల్చటి కణజాలం కింద నుంచి సున్నపు గూడు తెల్లగా బయటపడుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. తెల్లబడ్డ పగడం ఇంకా బతికే ఉంటుంది. దానికి ఆకలి మొదలైంది, అంతే. వేడి త్వరగా తగ్గితే మిగిలిన కొద్దిపాటి శైవలాలు మళ్లీ పెరిగి, కొన్ని వారాల్లోనో నెలల్లోనో రంగు వెనక్కి వస్తుంది. వేడి తగ్గకపోతే ఒంట్లో దాచుకున్న కొవ్వు కరిగిపోయి చస్తుంది. వార్తల్లో తెల్ల పగడాల ఫొటో కింద 'చనిపోయిన దిబ్బ' అని రాసేస్తారు. ఆ ఫొటో తీసిన రోజుకి ఆ దిబ్బ గతి ఇంకా తేలలేదు.

వేడిని ఎలా కొలుస్తాం

ప్రతి దిబ్బకీ దాని సొంత హద్దు ఉంటుంది. ఏడాదిలో అన్నిటికన్నా వేడిగా ఉండే నెలకి దీర్ఘకాలపు సగటు ఉష్ణోగ్రత ఎంతో చూస్తారు. ఆ చోటి పగడాలు అలవాటుపడ్డ పైమెట్టు అదే. దాని మీద ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు నిలబడితే చాలు, బ్లీచింగ్ మొదలవుతుంది. ఒక్క డిగ్రీ తేడా అంటే నీళ్లలో దిగిన డైవర్ ఒంటికి తెలియనే తెలియదు. మనిషికి జ్వరం వచ్చినప్పటిలాగే ఇక్కడా ఎంత ఉందన్నదీ చూడాలి, ఎన్నాళ్లు ఉందన్నదీ చూడాలి.

అందుకే అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా నడిపే కోరల్ రీఫ్ వాచ్, డిగ్రీ హీటింగ్ వీక్స్ అనే కొలత వాడుతుంది. గడిచిన 12 వారాల్లో ఆ పైమెట్టుని ఒక డిగ్రీ గాని అంతకన్నా ఎక్కువ గాని దాటిన వేడినంతా కూడుతుంది. పైమెట్టు మీద ఒక డిగ్రీ నాలుగు వారాలుంటే 4. రెండు డిగ్రీలు రెండు వారాలున్నా 4. మామూలుగా 4 దాటితే చెప్పుకోదగ్గ బ్లీచింగ్, 8 దాటితే తీవ్రమైన బ్లీచింగ్‌తో పాటు చావులు కూడా ఉంటాయని అంచనా. చాలా ఏళ్లు ఈ పట్టిక ఇక్కడితో ఆగిపోయేది. 2023 వేడి చూశాక పైన ఇంకో మూడు మెట్లు చేర్చాల్సి వచ్చింది. చిట్టచివరి ఐదో మెట్టు 20 దగ్గర మొదలవుతుంది. దిబ్బ మీది పగడాలు 80 శాతం పైగా చచ్చిపోయే ప్రమాదం ఉందని దాని అర్థం. ఒక హెచ్చరిక పట్టికని సాగదీయాల్సి రావడం కన్నా బాధాకరమైన విషయం ఈ రంగంలో నాకు ఇంకొకటి గుర్తుకు రాదు.

ఈ కొలతకి ఒక పరిమితి ఉంది. ఉపగ్రహం చూసేది నీటి పైపొరని, అదీ ఐదు కిలోమీటర్ల గడుల్లో. లోతు తక్కువ మడుగులో మధ్యాహ్నం పోటు తగ్గినప్పుడు వేడి గడి సగటు కన్నా చాలా ఎక్కువ ఉండొచ్చు. దిబ్బ బయటి వాలు మీద లోతు నుంచి చల్లటి నీళ్లు ఎగదన్నితే తక్కువా ఉండొచ్చు. కాబట్టి పగడం పక్కనే, అది ఉన్న లోతులోనే, ఉష్ణోగ్రతని ఎప్పటికప్పుడు నమోదు చేసే లాగర్ బిగించి ఉండాలి. లాగర్ లేని సర్వేలో ఎంత చక్కని ఫొటోలున్నా, ఆ పగడం ఎంత వేడి తట్టుకుందో చెప్పలేం.

2016 వేసవి

కొన్నేళ్లకోసారి పసిఫిక్ సముద్రపు నీళ్లు వేడెక్కే ఎల్ నినో 2015-16లో బలంగా వచ్చింది. అప్పటికే సముద్రం దశాబ్దాలుగా వేడెక్కుతూ ఉంది కాబట్టి ఎల్ నినో ఎత్తైన మెట్టు మీద నుంచి మొదలైంది. దక్షిణార్ధగోళంలో వేసవి చివరి నెలలైన ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్‌లలో రీఫ్ మీద నీటి ఉష్ణోగ్రత, 1900 నుంచి ఉన్న రికార్డుల్లో ఆయా నెలలకి అత్యధికంగా నమోదైంది.

దాదాపు 2,300 కిలోమీటర్ల పొడవున్న రీఫ్ అంతా ఒకేలా దెబ్బతినలేదు. ఫిబ్రవరి 20న ఫిజీని అల్లకల్లోలం చేసిన విన్‌స్టన్ తుఫాను బలహీనపడి, మిగిలిన మబ్బులూ వానతో, రీఫ్‌కి ఎదురుగా ఉన్న ఆస్ట్రేలియా రాష్ట్రం క్వీన్స్‌లాండ్ వైపు వచ్చింది. దక్షిణ భాగం దానితో చల్లబడి చాలావరకు తప్పించుకుంది. ఉత్తరానికి ఆ అదృష్టం పట్టలేదు. మనుషుల తాకిడి తక్కువ, తీరం నుంచి వచ్చే మురుగు తక్కువ, చేపల వేట తక్కువ అని అందరూ భరోసాగా చూసే ఉత్తర కొస అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతింది.

శాస్త్రపరంగా చూస్తే దీనివల్ల ఒక అరుదైన అవకాశం దొరికింది. ఒకే రీఫ్ వ్యవస్థలో, అదే ఏడాది, దాదాపు వేడి తగలని దిబ్బల నుంచి తీవ్రంగా తగిలిన దిబ్బల దాకా అన్నీ ఉన్నాయి. ఎంత వేడికి ఎంత నష్టమో పోల్చి చూసే వీలు కలిగింది.

నీటి కింద

విమానంలోంచి వేసిన మార్కులు నిజమా కాదా తేల్చడానికి డైవర్లు నీళ్లలో దిగి దిబ్బల్ని చూశారు. ఈ పని ఎలా ఉంటుందో చెప్పాలి, ఎందుకంటే ఇందులో తప్పు జరిగే చోట్లు చాలా ఉన్నాయి.

సర్వేలో కొన్ని పగడాలకి నంబరు బిళ్ల కట్టి, ప్రతిసారీ అదే పగడాన్ని అదే కోణంలో ఫొటో తీస్తాం. కొమ్మల్లా పెరిగే అక్రోపోరాని తీసుకోండి. మొదట మార్పు కనిపించేది పై కొమ్మల మీద, ఎండ నేరుగా పడేవైపు. కింద, కొమ్మల నీడలో, గోధుమరంగు ఇంకా అలాగే ఉంటుంది. పైనుంచి మాత్రమే చూసినవాడు పూర్తిగా తెల్లబడిందని రాస్తాడు, పక్కనుంచి చూసినవాడు సగమే అంటాడు. అందుకే ఎటునుంచి చూడాలో ముందే ఒప్పందం చేసుకుని దిగాలి. తర్వాత కొన్ని పగడాలు కళ్లు జిగేల్మనే నీలం, ఊదా, నిమ్మపండు పసుపు రంగుల్లోకి మారతాయి. ఎండ దెబ్బ నుంచి కాపాడుకోడానికి పగడం తనే తయారుచేసుకునే రంగులవి. చూడ్డానికి దిబ్బ ఇంత అందంగా ఎప్పుడూ లేదనిపిస్తుంది. ఆ రంగులు కనబడ్డాయంటే పరిస్థితి చేయి దాటుతోందని అర్థం.

తెల్లటి దశలో చచ్చిందా బతికుందా అన్నది తేల్చడానికి మాస్కు పగడానికి దాదాపు తగిలేంత దగ్గరికి పోవాలి. బతికున్నదాని మీద ప్రతి చిన్న గుంతలోనూ పల్చటి జిగురు పొర మెరుస్తుంది, పాలిప్ చేతుల కొసలు కదులుతుంటాయి. చచ్చిన చోట గుంత అంచులు మొరటుగా, బోసిగా ఉంటాయి. కొద్ది రోజుల్లోనే అక్కడ పచ్చటి, మట్టిరంగు నూగు పట్టేస్తుంది. నూగు పట్టాక దూరం నుంచి చూస్తే మామూలు గోధుమరంగు పగడంలాగే కనిపిస్తుంది. సర్వే ఆలస్యమైతే చచ్చినవాటిని కోలుకున్నవాటిగా లెక్కేసే ప్రమాదం ఇక్కడే ఉంది. విమానం లెక్కలకి కూడా ఇదే చిక్కు. తెలుపు తగ్గిందంటే బాగుపడిందనైనా కావచ్చు, పోయిందనైనా కావచ్చు.

రంగు నోట్ చేసుకోడానికి క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో మొదలైన కోరల్‌వాచ్ వాళ్ల రంగుల పట్టీ చాలామంది వాడతారు. పట్టీని పగడం పక్కనే పెట్టి, అన్నిటికన్నా లేత చోటుకీ ముదురు చోటుకీ సరిపోయే గడి నంబరు రాయాలి. నీళ్లలో కొద్ది మీటర్ల లోతుకే ఎరుపు పోతుంది కాబట్టి కంటినీ కెమెరానీ నమ్మలేం. పట్టీ, పగడం రెండూ అదే వెలుతురులో ఉంటాయి కాబట్టి పోలిక చెడదు. తక్కువ ఖర్చుతో, కొద్ది శిక్షణతో ఎవరైనా చేయగల పని ఇది.

2016లో రీఫ్ ఉత్తర భాగంలోని లిజర్డ్ ఐలాండ్ చుట్టూ దిగిన బృందాలు చెప్పిన సంగతి ఒకటి వినగానే ఈ పనిలో ఉన్నవాళ్లకి కడుపులో దేవినట్టవుతుంది. మెత్తటి పగడాలు కుళ్లిపోయి రాళ్ల మీద నుంచి జారిపోతుంటే, పైకి వచ్చిన డైవర్ల ఒంటినిండా ఆ కంపు పట్టేసింది. ఎన్ని శాతం అన్న అంకె ఈ సంగతి చెప్పదు.

ఎనిమిది నెలల తర్వాత

మార్చిలో చూసిన దిబ్బలకే నవంబర్‌లో మళ్లీ వెళ్లారు. ఈ కేసులో నేను అన్నిటికన్నా విలువిచ్చేది ఈ రెండో ప్రయాణానికి. బ్లీచింగ్ వార్త అయినప్పుడు నిధులు వస్తాయి, పడవలు దొరుకుతాయి. ఆరేడు నెలలు పోయాక అందరూ మర్చిపోతారు. అసలు ఫలితం తేలేది మాత్రం అప్పుడే.

ఆ ఎనిమిది నెలల్లో మొత్తం రీఫ్ మీది పగడాల్లో దాదాపు 30 శాతం పోయాయి. ఉత్తరపు మూడో వంతులో సగానికి పైగా చచ్చిపోయాయి. చావులు రెండు రకాలుగా వచ్చాయి. కొన్ని ఆకలితో నెమ్మదిగా పోయాయి, అది మనకి తెలిసిన దారి. చాలా పగడాలు మాత్రం వేడి పతాక స్థాయిలో ఉండగానే, ఆకలికి సమయం కూడా లేకుండా, రెండు మూడు వారాల్లో నేరుగా వేడికే చచ్చిపోయాయి. అంతకుముందు పాఠాల్లో బ్లీచింగ్ అంటే ముందు తెల్లబడడం, తర్వాత చాన్నాళ్లకి చావు అనే వరసలోనే చెప్పేవాళ్లం. ఇప్పుడు అలా చెప్పడం కుదరదు.

ఇంకో సంగతి, 3 నుంచి 4 డిగ్రీ హీటింగ్ వీక్స్ దాటిన దిబ్బల్లోనే చావులు మొదలయ్యాయి. పట్టిక ప్రకారం అవి ఎక్కువగా ఉండాల్సింది 8 పైన. 6 దాటిన చోట దిబ్బ స్వరూపమే మారిపోయింది. కొమ్మలుగా, బల్లల్లా పరుచుకుని పెరిగే అక్రోపోరా జాతులు ఎక్కువగా పోయాయి. గుండ్రటి బండల్లాంటి పోరైటిస్ జాతులు చాలావరకు తట్టుకున్నాయి. చేపలు దాక్కునే సందులు, మూలలు ఇచ్చేది ఆ కొమ్మలూ బల్లలే. బండలు ఎన్ని మిగిలినా చిన్న చేపకి అక్కడ దాగే చోటు దొరకదు.

రక్షణ ఏం ఆపింది, ఏం ఆపలేదు

2004 నుంచి గ్రేట్ బారియర్ రీఫ్ మెరైన్ పార్కులో మూడో వంతు ప్రాంతంలో చేపల వేట పూర్తిగా నిషేధం. ప్రపంచంలో ఇంత పెద్ద ఎత్తున, ఇంత పద్ధతిగా నడిచే దిబ్బల సంరక్షణ అరుదు. హ్యూస్ బృందం లెక్కలు చూస్తే, నీటి శుభ్రత గాని వేట నిషేధం గాని 2016లో బ్లీచింగ్ తీవ్రతని దాదాపు ఏమీ తగ్గించలేదు. అంతకుముందు 1998లోనో 2002లోనో వేడి చూసిన దిబ్బలు కూడా ఈసారి తేలిగ్గా బయటపడలేదు.

ఈ ఫలితాన్ని చూపించి స్థానిక రక్షణ దండగ అనేవాళ్లతో నేను ఏకీభవించను. దాని పని వేడి తగ్గాక మొదలవుతుంది. చచ్చిన గూడు మీద నాచు దట్టంగా పరుచుకుంటే కొత్త పగడపు పిల్లలకి అతుక్కునే చోటు దొరకదు. చిలకచేపల్లాంటివి ఆ నాచుని గీకి తిని చోటు చేస్తాయి. వాటిని వలల్లో ఖాళీ చేసిన దిబ్బ కోలుకోలేదు. ముళ్ల కిరీటపు నక్షత్రచేప మిగిలిన పగడాల్ని మేసేస్తుంది. డైవర్లు ఒక్కొక్క దానికీ సూదితో పిత్త లవణాలో వెనిగరో ఎక్కించి చంపుతారు. విసుగు పుట్టించే పనే, అయినా వేడి తప్పించుకున్న కొద్దిపాటి తల్లి పగడాలు దక్కేది ఇలాంటి పనులతోనే. నేను ఒప్పుకోనిది ఒకటే. మురుగునీటి శుద్ధికో వేట నిషేధానికో డబ్బు అడుగుతూ 'దీనివల్ల బ్లీచింగ్ ఆగుతుంది' అని రాయడం. అలా రాసిన ప్రతిపాదన మీద నేను సంతకం పెట్టను. మొదటి వేసవికే అది అబద్ధమని తేలుతుంది, ఆ తర్వాత జనం మన మాట దేనికీ నమ్మరు.

పగడాల్ని నర్సరీల్లో పెంచి దిబ్బల మీద నాటడం గురించి కూడా ఇదే చెప్తాను. 2023లో ఫ్లోరిడా వేడిలో సాంబ్రెరో రీఫ్ మీద నాటిన పగడాలన్నీ పోయాయి. కొన్ని నర్సరీల వాళ్లు హడావిడిగా పగడాల్ని పైకి తీసి ఒడ్డు మీది ట్యాంకుల్లోకి తరలించారు. జన్యువైవిధ్యాన్ని కాపాడుకోడానికి ఆ ట్యాంకులు తప్పనిసరి, నాకు అందులో సందేహం లేదు. కానీ నాటిన పగడాల సంఖ్యని విజయంగా చూపే నివేదికలు చదివినప్పుడు, తర్వాతి వేసవి దాటి ఎన్ని మిగిలాయో అందులో ఎక్కడుందా అని వెతుకుతాను.

విరామం

2017లో ఎల్ నినో లేదు. అయినా రీఫ్ మళ్లీ తెల్లబడింది. ఈసారి మధ్య భాగం ఎక్కువగా దెబ్బతింది. రెండేళ్లూ కలిపితే లోతు తక్కువ చోట్ల ఉన్న పగడాల్లో దాదాపు సగం పోయాయి. 2016లో చూసినంత వేడినే 2017లో చూసిన కొన్ని దిబ్బలు తక్కువగా తెల్లబడ్డాయి. దీన్ని అలవాటుపడడం అని సంబరపడినవాళ్లున్నారు. కొంత నిజమే కావచ్చు గాని, సున్నితమైన జాతులు ముందు ఏడాదే చచ్చిపోయి గట్టివే మిగలడం కూడా అందులో ఉంది.

ఇక్కడి చాలా జాతుల పగడాలు ఏడాదికి ఒక్కసారి, వసంతం చివర పౌర్ణమి దాటిన కొన్ని రాత్రుల్లో, కలిసికట్టుగా గుడ్లూ వీర్యమూ నీళ్లలోకి వదులుతాయి. వాటి నుంచి పుట్టిన లార్వాలు కొన్నాళ్లు కొట్టుకుపోయి ఎక్కడో ఒక రాయికి అతుక్కుంటాయి. ఈ రెండు వేడుల తర్వాత 2018లో రీఫ్ మీద అలా అతుక్కున్న పిల్లల్ని లెక్కపెడితే, అంతకుముందు సగటు కన్నా 89 శాతం తక్కువ ఉన్నాయి. పైగా ఎప్పుడూ ముందుండే అక్రోపోరా పిల్లలు వెనకబడి, పిల్లల్ని ఒంట్లోనే పెంచి వదిలే పోసిల్లోపోరా రకాలు ముందుకొచ్చాయి. తల్లులు లేకపోతే పిల్లలు ఎక్కణ్నుంచి వస్తాయి? దిబ్బ కోలుకోవడం గురించి మాట్లాడేటప్పుడు ఎంతసేపూ మిగిలిన పగడాల పెరుగుదల గురించే అంటాం. విత్తనం కరవైందన్న సంగతి ఈ లెక్క వచ్చేదాకా ఎవరూ ఇంత పెద్ద ఎత్తున కొలవలేదు.

అన్నిటికన్నా వేగంగా పెరిగే జాతులకే దిబ్బని మళ్లీ నింపడానికి పది, పదిహేనేళ్లు కావాలి. నెమ్మదిగా పెరిగేవాటికి దశాబ్దాలు. ప్రపంచంలో వంద చోట్ల దిబ్బల చరిత్ర తీసి చూసిన అధ్యయనంలో, తీవ్రమైన బ్లీచింగ్‌ల మధ్య వ్యవధి 1980ల మొదట్లో 25 నుంచి 30 ఏళ్లు ఉండేదల్లా 2016 నాటికి ఆరేళ్లకి దిగిందని తేలింది. గ్రేట్ బారియర్ రీఫ్ మీద 1998, 2002 తర్వాత 2016 వచ్చింది. అక్కణ్నుంచి వరస చూడండి: 2017, 2020, 2022, 2024, 2025. 2022ది లా నినా ఏడు. మామూలుగా అయితే ఆ ఏడు నీళ్లు చల్లగా ఉండాలి.

లక్షద్వీప్‌లోనూ ఇదే కనిపిస్తుంది. అక్కడ 1998, 2010, 2016 వేడుల్ని వరసగా చూసిన దీర్ఘకాల అధ్యయనంలో, దిబ్బ మీద సుమారు 37 శాతం చోటుని కప్పి ఉన్న సజీవ పగడం 2022 నాటికి 20 శాతం లోపుకి వచ్చింది. ఒక్కో వేడికి చావులు ముందుకన్నా తక్కువే అయినా, కోలుకోవడం కూడా మందగించింది. వేడి లేని ఆరేళ్లు దాటాక మాత్రమే పెరుగుదల ఊపందుకుంది. ఆ ఆరేళ్లు ఇవ్వగలమా అన్నదే అసలు ప్రశ్న.

దీనికి జవాబు దిబ్బల దగ్గర లేదు. 2023 జనవరి నుంచి 2025 మార్చి దాకా ప్రపంచంలోని పగడపు దిబ్బల విస్తీర్ణంలో సుమారు 84 శాతం, బ్లీచింగ్ వచ్చేంత వేడికి గురైంది. 1998లో అది 21 శాతం. సగటు భూతాపం 1.5 డిగ్రీలు పెరిగితే పగడపు దిబ్బల్లో 70 నుంచి 90 శాతం పోతాయని, 2 డిగ్రీలైతే 99 శాతం పైగా పోతాయని ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్ర సంఘం ఐపీసీసీ 2018లోనే చెప్పింది. బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చడం తగ్గితేనే ఈ వ్యవధి పెరుగుతుంది. నేను డైవర్‌ని, విధాన నిపుణుణ్ని కాను అని తప్పించుకోవడం నాకు చేతకాదు. నా కళ్ల ముందు చచ్చేవాటి కారణం అదే అయినప్పుడు దాన్ని రిపోర్టులో రాయాల్సిందే.

36 శాతం అనే అంకె

2022లో ఆస్ట్రేలియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెరైన్ సైన్స్ సర్వేలో, రీఫ్ ఉత్తర భాగంలో సజీవ పగడం 36 శాతానికి, మధ్య భాగంలో 33 శాతానికి చేరింది. అప్పటిదాకా 36 ఏళ్ల సర్వేలో ఆ రెండు ప్రాంతాలకీ అదే అత్యధికం. రీఫ్ బాగుపడిందని, ఇదంతా అనవసరపు భయమని చాలామంది రాశారు.

అంకె తప్పు కాదు. ఆ సర్వే పద్ధతి మంచిది. పడవ వెనక తాడుతో ఒక పరిశీలకుణ్ని నెమ్మదిగా లాగుతూ, రెండేసి నిమిషాలకి ఒకసారి ఆగి చూసింది రాసుకుంటూ దిబ్బ చుట్టూ తిరుగుతారు. ఏళ్ల తరబడి అదే పద్ధతి కాబట్టి పోలిక గట్టిది. అయితే పెరిగినదంతా చాలావరకు అక్రోపోరా. ఏడాదికి పది సెంటీమీటర్ల పైన కూడా పెరగగలదు కాబట్టి ఖాళీ చోటుని చకచకా కప్పేస్తుంది. వేడికీ, తుఫాను అలలకీ, ముళ్ల నక్షత్రచేపకీ ముందు బలయ్యేదీ అదే. 2024 వేడి, తుఫాన్లు, నక్షత్రచేపలు కలిసి వచ్చాక 2025 నివేదికలో ఉత్తర భాగం సుమారు 40 నుంచి 30 శాతానికి, దక్షిణ భాగం సుమారు 39 నుంచి 27 శాతానికి పడిపోయాయి. ఒకే ఏడాదిలో ఆ రెండు ప్రాంతాల్లో నమోదైన అతిపెద్ద తగ్గుదల అది. పైకి లేవడం, కింద పడడం రెండూ ఇంత తీవ్రంగా ఉన్నాయంటే ఆ దిబ్బ కుదుటపడినట్టు కాదు. 2016లో దక్షిణానికి తుఫాను మబ్బులు అడ్డుపడ్డాయి, 2024లో దక్షిణానికి ఆ రక్షణ దొరకలేదు.

ఈ కేసు చూశాక సర్వేలో పట్టుబట్టేవి

కవర్ శాతం, అంటే సజీవ పగడం కప్పిన చోటు ఎంతన్నది, ఒక్కటే ఇచ్చే రిపోర్టుని నేను వెనక్కి పంపిస్తాను. ఆ శాతంలో ఏ జాతులెంత, పెద్దవెన్ని, చిన్నవెన్ని అన్నది పక్కనే ఉండాలి. పాత పోరైటిస్ బండ ఏడాదికి సుమారు సెంటీమీటరే పెరుగుతుంది. మూడు మీటర్ల బండ పోయిన చోట అంతే వైశాల్యంలో అక్రోపోరా వస్తే శాతం మారదు, కానీ వందల ఏళ్ల వయసు పోయి నాలుగేళ్ల వయసు వచ్చినట్టు లెక్క.

బ్లీచింగ్ సర్వేకి నిధులు అడిగేటప్పుడే తర్వాతి ప్రయాణాల ఖర్చు కూడా అదే బడ్జెట్‌లో ఉండాలి. వేడి మొదలైనప్పుడు ఒకటి, పతాక స్థాయిలో ఒకటి, ఆరు నుంచి ఎనిమిది నెలలకి ఇంకొకటి. మూడింట్లో రెండింటికే డబ్బుంటే, మధ్యది వదులుకుని చివరిది ఉంచమంటాను. ట్యాగ్ కట్టిన పగడాలు తక్కువైనా ఫరవాలేదు, అవి అవే పగడాలు కావాలి. నూగు పట్టినవాటి విషయంలో అనుమానం వస్తే, పాత ఫొటోతో పోల్చి చూడకుండా కోలుకుందని రాయకూడదు.

చివరగా, ఐదు సెంటీమీటర్ల లోపు పిల్ల పగడాల లెక్క. అర మీటరు చదరపు చట్రం దిబ్బ మీద పెట్టి, టార్చితో సందులూ పగుళ్లూ వెతికి, కనిపించిన ప్రతి పిల్లనీ జాతితో సహా రాసుకోవాలి. నెమ్మదైన పని, సిలిండర్‌లో గాలి అయిపోతుంటే టెన్షన్‌గా కూడా ఉంటుంది, అందుకే చాలా బృందాలు దీన్నే ముందు వదిలేస్తాయి. ఏడాదిన్నర, రెండేళ్ల తర్వాత కూడా చట్రాల్లో అక్రోపోరా పిల్లలు కనబడకపోతే, నాటే కార్యక్రమం పెట్టాలా వద్దా అన్న చర్చకి ముందు తేల్చాల్సింది ఒకటుంది. దగ్గర్లో గుడ్లు పెట్టే తల్లి దిబ్బలు ఏవైనా మిగిలాయా, ప్రవాహం వాటి వైపు నుంచి ఇటు వస్తుందా అని. మిగిలి ఉంటే డబ్బూ కాపలా ముందు ఆ తల్లి దిబ్బలకి పోవాలి.